మర్యాద తెలిసిన హుక్

ఇకమీదట అనుమతి అడగకుండా ప్రజల చిరునామాల్లోకి చీమ కూడా దూరదని చిరునామాల శాఖ మంత్రిగారు ప్రకటించారు. శాఖ వాడేది ఓపెన్ సోర్స్ డేటాబేసట కదా, ఓపెన్‌గా ఉన్నదానికి భద్రతేమిటని ఓ విలేకరి అడిగాడు. "ఓపెన్‌గా ఉందని తెలిసిన మరుక్షణం తలుపు పెట్టించమని ఆర్డరేశాను," అన్నారు మంత్రిగారు. ఇంత చురుగ్గా నిర్ణయాలు తీసుకునే నాయకుడు దొరకడం ప్రజల అదృష్టం.

ఆ తలుపు సరిగ్గా పడుతోందో లేదో చూసే పని టెస్టర్ మీద పడింది. ఆ డేటాబేసులో హుక్ అని ఒక ఏర్పాటు ఉంది. ఎవరైనా ఒక చిరునామా తెరవబోతే డేటాబేసు ఒక్క క్షణం ఆగి, హుక్‌కి తగిలించిన ప్రోగ్రాముని అడుగుతుంది: ఈయన్ని పోనివ్వనా, వద్దా? ప్రోగ్రాము వద్దంటే వద్దే. టెస్టర్ ఒకసారి గుమాస్తాగా, ఒకసారి దొంగగా, ఒకసారి ఏమీ ఎరగని అమాయకుడిగా వేషాలు మార్చుకుని వచ్చి తలుపు తడుతుంది. ఆపాల్సినవాళ్ళని ఆపితే టెస్టు పాసైనట్టు.

ఈ పని ఆమె ప్రాణం పెట్టి చేసింది. ఆమె అక్క చిరునామా కూడా అందులోనే ఉంది. చెయ్యి విరగ్గొట్టిన మొగుణ్ణి వదిలేసి, పాపని తీసుకుని అక్క ఊరికి ఆ చివర అద్దెకుంటోంది. పాపని బళ్ళో చేర్చుకోవాలంటే కొత్త చిరునామా నమోదు చేయించాలన్నారు, చేయించింది. బావ పార్టీ కార్యకర్త. అక్క ఎక్కడుందో చెప్పమని టెస్టర్ గుమ్మం ముందు నిలబడి కేకలు పెట్టడం ఆయనకి ఈమధ్య అలవాటైపోయింది.

ఫలితాలు చూడటానికి డైరెక్టరుగారు స్వయంగా వచ్చారు. స్క్రీన్ నిండా ఎర్రటి అక్షరాలు: అనుమతి లేదు. అనుమతి లేదు. అనుమతి లేదు.

"ఏంటమ్మా, ఇన్ని ఫెయిలయ్యాయా?"

"ఫెయిల్ కాదు సార్, పాస్. ఆపాల్సినవాళ్ళని ఆపింది."

"ఆపితే పాసెలా అవుతుందమ్మా? పనైతే కదా పాసు?"

"దాని పనే ఆపడం సార్."

డైరెక్టరుగారు ఆలోచించారు. అలవాటు లేని పని కావడంతో కాస్త చెమట పట్టింది. "ఏదీ, మంత్రిగారి పీఏ పేరుతో కొట్టు," అన్నారు. కొట్టింది. అనుమతి లేదు. కారణం చూపించకుండా పీఏకైనా సరే ఎవరి ఇల్లెక్కడో చెప్పకూడదని శాఖ రాసుకున్న నియమాల్లోనే ఉంది. రాసుకున్న నియమాన్ని ఎవరో నిజంగా పాటించడం చూసి డైరెక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు.

"దీనికి చిన్నా పెద్దా తేడా తెలీదా?"

"తెలీదు సార్. అందుకే పనికొస్తుంది."

"రేపు సాక్షాత్తూ మంత్రిగారే కొడితే?"

టెస్టర్ ఆ ఎర్రటి అక్షరాలకేసి వేలు చూపించింది. తన సర్వీసు మొత్తంలో అంత భయంకరమైన జవాబు ఆయన వినలేదు.

సరిగ్గా అప్పుడే పక్క స్క్రీన్ మీద ఆయన చూపు పడింది. అక్కడ పచ్చటి అక్షరాలు: 'అనుమతి అడుగుతున్నాను. అడగడం పూర్తయింది. దయచేయండి.' హుక్ పిలిస్తే పలుకుతోందో లేదో చూసుకోవడానికి టెస్టర్ మొదట్లో తగిలించిన ఉత్తుత్తి ప్రోగ్రాము అది. ఎవరొచ్చినా ఓ కేకేసి లోపలికి పంపించేస్తుంది.

"ఇదీ మర్యాదంటే!" అన్నారు డైరెక్టరుగారు. "ఇదే పెట్టు."

"ఇది ఎవర్నీ ఆపదు సార్!"

"అనుమతి అడగకుండా అన్నారు మంత్రిగారు. ఇది అడుగుతోందా, లేదా?"

"ఎవర్ని అడుగుతోంది సార్?"

"అది మనకెందుకు?"

"సార్, మా అక్క ఇల్లు ఇందులో ఉంది. మా బావకి తెలిస్తే చంపేస్తాడు."

"ఇంటి గొడవలు ఆఫీసుకి తేకూడదమ్మా," అన్నారాయన, తండ్రిలాగా. అసలు ప్రోగ్రాముని మర్యాద నేర్చుకునేదాకా పక్కన పెట్టించారు. టెస్టింగ్ దిగ్విజయంగా ముగిసిందని రిపోర్టు కూడా తనే రాశారు. ఇంగ్లీషులో, చాలా బాగా రాశారు.

ఆ సాయంత్రం టెస్టర్ అక్కకి ఫోన్ చేసి ఇల్లు మారిపొమ్మంది. "మళ్ళీనా? పాప ఇప్పుడిప్పుడే బడికి అలవాటు పడుతోందే. ఆదివారం చూద్దాంలే," అంది అక్క. ప్రారంభోత్సవం శుక్రవారం పెట్టారు.

మంత్రిగారి భద్రత కోసం సిబ్బంది ఫోన్లన్నీ గేటు దగ్గరే తీసేసుకుని, అందర్నీ హాల్లో వెనక వరసల్లో కూర్చోబెట్టారు. ముందు వరసలు పార్టీవాళ్ళవి. "మీలో ఎవరైనా రండి! ఎవరి చిరునామా అయినా అడగండి! మన హుక్ ఎలా కాపలా కాస్తుందో చూద్దురుగాని!" అన్నారు మంత్రిగారు. ముందు వరసలోంచి ఒకాయన చటుక్కున లేచాడు. బావ.

వేదికెక్కి, తన భార్య పేరు కొట్టాడు.

"వద్దు! ఆపండి!" టెస్టర్ గొంతు చించుకుని అరిచింది.

"చూశారా, భద్రత మీద మా సిబ్బందికి ఎంత పట్టుదలో!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి. పెద్ద తెర మీద పచ్చటి అక్షరాలు అనుమతి అడిగాయి, అడగడం పూర్తి చేశాయి, దయచేయమన్నాయి. ఆ కింద ఇంటి నంబరు, వీధి, అంతస్తు.

"చూశావా? అడక్కుండా ఇచ్చిందా?" అన్నారు మంత్రిగారు.

"లేదండి," అన్నాడు బావ వినయంగా. ఫోన్ పైకెత్తి తెరని ఫొటో తీసుకున్నాడు. ఫొటో తనకే అనుకుని మంత్రిగారు జుట్టు సవరించుకున్నారు.

బావ వేదిక దిగి బయటికి నడిచాడు. టెస్టర్ కుర్చీలు తోసుకుంటూ గేటు దాకా పరిగెత్తింది. గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాసుందామ్మా?"

"నేనిక్కడే పని చేస్తానన్నా. వెళ్ళాలి, మా అక్క..."

"మంత్రిగారు వెళ్ళేదాకా ఎవర్నీ వదలొద్దన్నారమ్మా."

"నా ఫోనైనా ఇవ్వన్నా!"

"ఫోన్లు కూడా అప్పుడే."

"ఇప్పుడే ఒకాయన్ని వదిలావు కదా!"

"ఆయన పార్టీ మనిషి. ఆయన్ని నేనెలా ఆపుతానమ్మా?"

ఆమె గేటు ఊచలు పట్టుకుని గుంజింది. గేటు కదల్లేదు. బయట మోటార్ సైకిల్ స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఇవాళ్టినుంచి ప్రతి ఆడపడుచూ తన ఇంట్లో నిశ్చింతగా నిద్రపోవచ్చని లోపల మైకులో మంత్రిగారు అంటున్నారు. ఉపన్యాసం అప్పుడే మొదలైంది.