వీరభద్రం మొహం మీద కోడ్ నలభై మూడు

మంగళవారం పొద్దున్న గడ్డం గీసుకుంటూండగా మట్టపర్తి వీరభద్రానికి ఎడమ చెంప కనపడడం మానేసింది. ఆ చోట బూడిద రంగు గళ్లు వచ్చి, నుదుటి మీద "గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించడం లేదు, కోడ్ 43" అని ఒక తెల్ల పెట్టె తెరుచుకుంది. పెట్టె అడుగున "సరే" అని ఒక్కటే బటన్. అద్దంలో అక్షరాలు తిరగబడి కనపడుతూంటే చదవలేక ఆయన భార్యని కేకేశాడు.

సుగుణ స్టవ్ తగ్గించి వచ్చింది. "అయ్యో రామ, మీకూ వచ్చిందా?" అని తడి చెయ్యి చీర కుచ్చిళ్లకి తుడుచుకుని "సరే" నొక్కింది. పెట్టె పోయింది. చెంప మాత్రం రాలేదు. ఇడ్లీ తినేలోపు పెట్టె మళ్లీ వచ్చింది, ఆమె మళ్లీ నొక్కింది.

అమలాపురంలో ఎవరి నుదుటి మీద పెట్టె కనపడినా నొక్కేయడం మర్యాద. అందులో ఏం రాసుందో చదవరు. చదివితే మాత్రం మనకేం అర్థమవుతుందండీ అంటారు, ఆ మాట కాదనడానికి నాకైతే నోరు రాదు. వీరభద్రం ఆఫీసుకి నడిచి వెళ్తూంటే పూలకొట్టావిడ మూర కొలవడం ఆపి ఓసారి నొక్కింది. మందుల షాపాయన నొక్కాడు. మేనత్త కొడుకు వరస అయ్యేవాడొకడు స్కూటర్ స్టాండు వేసి మరీ వచ్చి నొక్కి, "ఏం బావా, కులాసాయేనా?" అని జవాబు వినకుండా వెళ్లిపోయాడు.

వీరభద్రం గోదాముల శాఖలో సీనియర్ అసిస్టెంటు. ఆ ఆఫీసు గుమ్మం దగ్గర మొహం చూసి హాజరు వేసే మిషను ఉంది. ఆయన దాని ముందు నిలబడ్డాడు. కళ్లద్దాలు తీశాడు, పెట్టుకున్నాడు, కుడి చెంప ముందుకి పెట్టాడు. మిషను "మొహం దొరకలేదు" అంది. సూపరింటెండెంట్ అనసూయాదేవి గారు బయటికొచ్చారు. మంచి మనిషి ఆవిడ, ఎవరికీ అన్యాయం చేయరు, నిబంధన ఒప్పుకుంటే.

"వీరభద్రం గారూ, మీరివాళ రాలేదండి."

"వచ్చానండి మేడం. ఇదిగో, మీ ఎదురుగానే ఉన్నాను కదండీ."

"నాకు కనపడుతున్నారండి. నాకు కనపడితే జీతం రాదు కదా."

ఆ మాట న్యాయంగానే తోచింది ఆయనకి. లోపలికి వెళ్లి సాయంత్రం దాకా పని చేశాడు. రాని మనిషికి టీ ఎలా ఇవ్వాలో తెలీక అటెండరు గ్లాసుని పక్కనున్న కిటికీలో పెట్టాడు, అక్కణ్ణుంచి ఆయనే తీసుకున్నాడు. వెళ్లేముందు అనసూయాదేవి గారు పిలిచి కూర్చోమన్నారు. నెలాఖరులోగా మొహం దొరక్కపోతే ఆ పోస్టు ఖాళీ అయినట్టు లెక్కట. ఖాళీల వివరాలు పైకి పంపే సెక్షను వీరభద్రానిదే కాబట్టి, ఆ కాగితం ఆయనే టైపు చేయాలట. "తప్పుల్లేకుండా చేస్తారని మీ మీద నాకు నమ్మకం," అన్నారావిడ. ఆయన సంతోషించాడు.

సుగుణ మాత్రం సంతోషించలేదు. పిల్ల కాలేజీలో ఉంది, ఇంటికి ఆధారం ఆ ఒక్క ఉద్యోగమే. మర్నాడే మొగుణ్ణి వెంటబెట్టుకుని బస్టాండు వెనక సందులో లాప్‌టాప్‌లు, మొహాలు బాగుచేసే షేక్ జిలానీ కొట్టుకి తీసుకెళ్లింది.

జిలానీ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, వీరభద్రం గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పాడు. వాళ్లు ఏం చెప్పబోయినా వినకుండా, ఎవరొచ్చినా ముందు అడిగేదే అడిగాడు. "రీస్టార్ట్ చేశారా అండి?"

"రాత్రి పడుకుని లేచారు బాబూ," అంది సుగుణ.

"పడుకోడం వేరండి, రీస్టార్ట్ వేరు. పడుకుంటే అన్నీ అలాగే ఉండిపోతాయి." జిలానీ ఆయన మెడ వెనక ఏదో నొక్కిపట్టాడు. వీరభద్రం కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఆరిపోయాడు. సుగుణ కెవ్వుమంది. "ఏం కాదమ్మా, కంగారు పడకండి," అని జిలానీ ఫోన్లో మాట పూర్తి చేసుకుని మళ్లీ నొక్కాడు. వీరభద్రం లేచి, తన పేరూ హోదా చెప్పి, అందరికీ నమస్కారం పెట్టాడు. గళ్లు అలాగే ఉన్నాయి. పెట్టె వచ్చింది. జిలానీ కూడా చదవకుండానే నొక్కాడు.

తర్వాత సంగతి విప్పి చెప్పాడు. మొహం మనిషిదే అయినా దాన్ని నడిపించేది డ్రైవరట. వీరభద్రంది పాత మోడలు. ఆ డ్రైవరు తయారుచేసేవాళ్లు మానేసి చాలా కాలమైంది. పైగా ఆయన దాంట్లో సగం నాయనమ్మ వైపు నుంచి, సగం తల్లి వైపు నుంచి వచ్చిన ముక్కలు, ఒకదానికొకటి పడటం లేదు. ఇన్నాళ్లూ ఎలా నడిచిందో దేవుడికే తెలియాలన్నాడు. పాతది తీసేసి బేసిక్‌ది వేస్తే ఏ గొడవా ఉండదు. అది ఏ మొహానికైనా సరిపోతుంది. మిషన్లన్నీ గుర్తుపడతాయి. బ్యాంకువాళ్లయితే అదే వేసుకురమ్మంటున్నారు కూడా.

వీరభద్రం "వేసెయ్యి బాబూ" అన్నాడు. సుగుణ ఆగమంది.

"దాంతో నవ్వు వస్తుందా?"

"వస్తాదండి."

"అది కాదు. ఈయనకి ఏదన్నా తమాషాగా అనిపిస్తే ముందు నవ్వరు. కుడి కనుబొమ్మ ఒక్కటీ లేస్తుంది, పెదవి కొరుక్కుంటారు, ఆపుకుంటారు, ఆపుకోలేక అప్పుడు నవ్వుతారు. నాకు కోపం వచ్చినప్పుడు కూడా అదే. అది చూస్తే ఇంక నా కోపం ఉండదు. ఆ నవ్వు వస్తుందా?"

జిలానీ మొదటిసారి ఫోన్ కింద పెట్టాడు. "నవ్వొస్తాదమ్మా. ఆయనది రాదు, నవ్వొస్తాది."

సుగుణ మొగుడి వంక చూసింది. పాతికేళ్లుగా ఆమె చూస్తున్న కనుబొమ్మ అప్పుడే కొంచెం లేచింది, బహుశా జిలానీ చెప్పిన తీరుకి. పెదవి కొరుక్కున్నాడు. సగం మొహంలో నవ్వు, సగంలో గళ్లు. మధ్యలో పెట్టె వచ్చి అడ్డుపడింది. ఆమె దాన్ని నొక్కకుండా, "సరే, వేసెయ్యి," అంది.

కొత్త డ్రైవరు ఎక్కడానికి ఒక సోడా తాగినంత సేపు పట్టింది. చెంప వచ్చేసింది, గళ్లు లేవు, మచ్చ కూడా లేదు. మర్నాడు ఆఫీసు మిషను ఆయన్ని చూడగానే "స్వాగతం" అంది. అంతకుముందు ఎన్నడూ అనలేదు. అనసూయాదేవి గారు, "హమ్మయ్య, వచ్చారా! నిన్న మీరు లేక చాలా ఇబ్బందైందండి," అన్నారు. అటెండరు టీ గ్లాసు తెచ్చి బల్ల మీదే పెట్టాడు.

ఇంట్లో కూడా చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ లేదు. సంతోషానికి ఒకటి, విచారానికి ఒకటి, వింటున్నట్టు ఒకటి, మామూలుది ఒకటి, ఇలా నాలుగు మొహాలు వస్తున్నాయి. సంసారానికి అవి చాలా ఎక్కువ, మా ఇళ్లల్లో రెండింటితో నడిచిపోతోంది. సుగుణ ఊరుకోక ఓ రోజు పక్కింటావిడ నడకని అనుకరించి చూపించింది. పూర్వం అయితే ఆయన కుర్చీలోంచి జారిపోయేవాడు. ఇప్పుడు పైవరస పళ్లన్నీ ఒక్కలా కనపడేట్టు నవ్వాడు, నవ్వి ఆపేశాడు.

"నవ్వు రాలేదా అండీ?"

"ఎందుకు రాలేదే! లోపల కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాను. బయటికి ఇలా వస్తోందంతే." తర్వాత కాస్త ఆలోచించి, "నిజం చెప్పనా, హాయిగా ఉంది సుగుణా. మొహంతో చేసుకోవాల్సిన పనేం లేదు, అదే చూసుకుంటోంది," అన్నాడు. అబద్ధం కాదు. బరువు కూడా కొంచెం పెరిగాడు.

నెలాఖరు రోజు పొద్దున్న, ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూండగా నుదుటి మీద ఒక కొత్త పెట్టె తెరుచుకుంది. సుగుణ అలవాటు కొద్దీ వేలెత్తింది. ఈసారి రెండు బటన్లున్నాయి. ఏది నొక్కాలో తెలియక, ఆ ఊళ్లో మొట్టమొదటిసారిగా ఒక మనిషి పెట్టెలో ఉన్నది చివరిదాకా చదివింది. "కొత్త మొహం ఇలాగే ఉంచాలా? లేక పాతదానికి వెళ్లాలా? మీరేమీ నొక్కకపోతే పాత మొహం దానంతటదే తిరిగి వస్తుంది." కింద అంకెలు తగ్గుతున్నాయి.

ఆమె చేయాల్సిందల్లా ఊరికే నిలబడటం. నిలబడితే ఆ కనుబొమ్మ వస్తుంది, ఆ పెదవి కొరుక్కోడం వస్తుంది. గళ్లు కూడా వస్తాయి, అది ఆమెకి తెలుసు. ఆయన నడిచి వెళ్లి, మిషనుకి దొరక్క, తన పోస్టు ఖాళీ అని తనే తప్పుల్లేకుండా టైపు చేసి ఇంటికొస్తాడు. ఆమెకి ఆ నవ్వు కావాలి. ఎంత కావాలంటే, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వేలు గాల్లోనే ఉంది.

"ఏంటే, అలా నిలబడిపోయావు? ఏమన్నా వచ్చిందా? నొక్కెయ్యి, టైమవుతోంది," అన్నాడు వీరభద్రం.

సుగుణ "ఉంచు" నొక్కింది.

"ఏం వచ్చింది?"

"ఏం లేదండీ. మామూలే."

ఆయన పళ్లన్నీ ఒక్కలా కనపడేట్టు నవ్వి, టిఫిన్ క్యారేజీ అందుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి ఆమె వంక చూసి, విచారానికి వచ్చే మొహం పెట్టాడు. "నువ్వు కూడా ఓసారి జిలానీకి చూపించుకోకూడదూ? నీ మొహంలో ఏదో తేడాగా ఉంది. చూసినవాళ్లెవరైనా బాధపడుతున్నావనుకుంటారు."

సుగుణ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అలాగేనండీ," అంది. "ఆదివారం తీసుకెళ్లండి."