ప్రసారమైన ఉద్యోగం

ఇకమీదట నిరుద్యోగం అనే మాట ఈ రేడియోలో వినపడదని ప్రసార శాఖ మంత్రిగారు మా స్టేషన్ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. అన్న మాట నిలబెట్టుకునే మనిషి. ఆ సాయంత్రం వార్తల నుంచే ఆ మాట తీసేయించారు.

అదే మెట్ల మీద విద్యార్థి గళసేవా పథకాన్ని కూడా ప్రారంభించారు. కాలేజీ పిల్లలు ప్రభుత్వ రేడియోలో ఉచితంగా సేవ చేయవచ్చు. బాగా సేవ చేసినవాళ్ళకి పర్మనెంటు ఉద్యోగం. ఆ రెండో ముక్క చెప్పేటప్పుడు ఆయన గొంతు గద్గదమైంది. మైకులో లోపమని ఇంజనీరు అన్నాడు గానీ నేను నమ్మలేదు.

నేను ఆ స్టేషన్ గేటు కాపలావాణ్ణి. గొప్పవాళ్ళు వచ్చేటప్పుడు గేటు తీస్తాను, పోయేటప్పుడు తీస్తాను. పోయిన నా కొడుక్కి ఒక్కతే కూతురు. డిగ్రీ చివరి ఏడు. చిన్నప్పుడు ఆకలేసి ఏడ్చినా ముక్క ముక్కా విడిగా వినపడేది, అంత స్పష్టమైన గొంతు. పథకంలో అందరికంటే ముందు చేరింది అదే. ఇంటికి నా జీతం తప్ప ఇంకో దారి లేదు. నాకా, వయసు మళ్ళింది.

దాని మేనత్తకి, అంటే నా కూతురికి, బట్టల కొట్టు ఉంది. అందులో బిల్లులు కొట్టే సీటు ఖాళీ.

"ఉత్తపుణ్యానికి గొంతు చించుకోవడం దేనికే? నా కొట్లో కూర్చో. నెల తిరిగేసరికి చేతిలో జీతం పెడతా," అంది నా కూతురు.

"పర్మనెంటు ఉద్యోగం ఇస్తామన్నారత్తా. వార్తలు చదివేది."

"ఎవరన్నారు?"

"మంత్రిగారు."

"ఎక్కడన్నారు?"

"రేడియోలో."

"అలాగా. పరీక్షలయ్యేదాకా సీటు ఆపుతా. తర్వాత నన్ననకు."

స్టేషన్ డైరెక్టరుగారు పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి ఓరియంటేషన్ ఇచ్చారు. "జీతం లాంటి చిన్న మాటతో మీ సేవని అవమానించే మనిషిని కాను," అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన ఒక్క క్షణం చెవి ఒగ్గి విన్నారు. మంత్రిగారి ప్రసంగాలకి స్టేషన్లో ఇన్నేళ్ళూ ఒకే చప్పట్ల టేపు వాడుతున్నారు. అది అరిగిపోయి, కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు వినపడుతోంది. అంతే, పిల్లలందరినీ చప్పట్ల విభాగంలో వేశారు. ఎర్రదీపం వెలిగితే కొట్టాలి, ఆరితే ఆపాలి. మీడియా రంగంలో ఇంతకంటే మంచి ఎక్స్‌పీరియన్స్ దొరకదన్నారు.

అందులో రాణించినవాళ్ళకి ప్రమోషన్ ఇచ్చారు. 'ప్రజలతో మంత్రి' అని ఒక కార్యక్రమం ఉంది. మంత్రిగారు ఒక గదిలో కూర్చుంటారు, ప్రజలు ఫోన్ చేస్తారు. ప్రజలు పక్కగదిలో ఉంటారు. ప్రజలంటే మా పిల్లలే. మా మనవరాలు ఒక్క గంటలో రైతు భార్య, రిటైరైన పంతులమ్మ, ముగ్గురు పిల్లల తల్లి అయ్యేది. ముగ్గురికీ మంత్రిగారి వల్ల మేలు జరిగేది.

ఒకరోజు పెద్ద ప్రమాదం తప్పింది. ఎవడో మగమనిషి లైనులోకి వచ్చి, వాళ్ళ వీధి కుళాయిలో నీళ్ళు రావడం లేదన్నాడు. డైరెక్టరుగారు చెమటలు కక్కుకుంటూ పక్కగదిలోకి పరిగెత్తారు.

"ఎవర్రా ఈ కుళాయివాడు? స్క్రిప్టులో లేడే!"

"మావాడు కాదు సార్," అన్నారు పిల్లలు. "నిజంగానే బయటినుంచి చేశాడు."

"బయటినుంచా? వాడికి మన నంబరు ఎవరిచ్చారు?"

"మనమే సార్. పాట పాటకీ మధ్య చెబుతున్నాం."

ఆ రోజు నుంచి నంబరులో ఒక అంకె తగ్గించి చెప్పమన్నారు. కార్యక్రమం మళ్ళీ సాఫీగా సాగింది.

ఇంతలో వార్తలు చదివే ఆవిడ రిటైరైంది. ఆ కుర్చీలో మా మనవరాల్ని కూర్చోబెట్టారు. ఖాళీని మాత్రం ఖాళీగానే ఉంచారు. పిల్ల పొద్దున కాలేజీ, సాయంత్రం వార్తలు. నేను గేటు దగ్గర చిన్న రేడియో పెట్టుకుని వినేవాణ్ణి. గొప్పగానే ఉండేది. ఎందుకు అబద్ధం చెప్పాలి?

పరీక్షలయ్యాయి. మేనత్త కబురు పంపింది. పిల్ల డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"సార్, నా ఉద్యోగం..."

"నీ ఫైలు పైకి వెళ్ళిందమ్మాయ్."

"ఎంత పైకి సార్?"

"మనకి కనపడనంత."

పిల్ల మేనత్తని బతిమాలి ఇంకొంచెం గడువు తీసుకుంది.

పథకం వార్షికోత్సవం వచ్చింది. సాయంత్రం వార్తలకి ముందు పిల్ల చేతికి ఒక కాగితం ఇచ్చారు. అది చదివింది. మంత్రిగారి చొరవతో విద్యార్థి వాలంటీర్లందరికీ పర్మనెంటు ఉద్యోగాలు లభించాయని, లభించినవారు ఫలానా ఫలానా అని. అందులో తన పేరు కూడా ఇంటిపేరుతో సహా ఉంది. అదీ చదివేసింది.

తెల్లారేసరికి నా కూతురు పూలదండతో దిగింది.

"నాకొక్క ముక్క చెప్పలేదే నాన్నా! రేడియోలో విని నా కొట్లో సీటు పక్కవీధి పిల్లకి ఇచ్చేశాను. ఇంకా ఆపితే ఏం బాగుంటుంది?"

మనవరాలు దండ మెళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టి, అపాయింట్‌మెంట్ ఆర్డరు అడగడానికి స్టేషన్‌కి వచ్చింది.

మా స్టేషన్లో ఒక కట్టుబాటు ఉంది. ప్రసారమైన మాటని వెనక్కి తీసుకోరు. వాన పడుతుందని చదివితే మర్నాడు ఎండ మాడ్చేస్తున్నా స్టాఫంతా గొడుగులేసుకుని వస్తారు. డైరెక్టరుగారి గొడుగు అందరికంటే పెద్దది.

"ఆర్డరేమిటమ్మాయ్? ప్రసారమైపోయిందిగా," అన్నారాయన.

"చదివింది నేనే సార్. చేతికి మాత్రం ఏమీ రాలేదు."

"నీ నోటితో చెప్పిన మాట నువ్వే నమ్మకపోతే ప్రజలెలా నమ్ముతారు? పైగా ఇంకో చిక్కుంది. ఉద్యోగస్తులు వాలంటీర్లుగా పనిచేయకూడదు. రూలు. రేపట్నుంచి నువ్వు రాకూడదు."

"ఏ ఉద్యోగస్తులు సార్?"

"నువ్వే. కంగ్రాచ్యులేషన్స్."

రేపట్నుంచి అన్నారు కాబట్టి ఆ సాయంత్రం వార్తలు దానివే. వాతావరణం దాకా మామూలుగానే చదివింది. తర్వాత అదే గొంతుతో, "ఇవ్వని ఉద్యోగాలు ఇచ్చామని ప్రకటించినందుకు నైతిక బాధ్యత వహిస్తూ ప్రసార శాఖ మంత్రిగారు పదవికి రాజీనామా చేశారు. వార్తలు ఇంతటితో సమాప్తం," అంది. బయటికొచ్చి, "పద తాతా, ఆకలేస్తోంది," అంది.

ప్రభుత్వ రేడియో మాట కదా, ఊరంతా నమ్మింది. మంత్రిగారి ఇంటిముందు పోలీసులు రాత్రికి రాత్రే సర్దుకుపోయారు. డ్రైవరు కారు తీసుకెళ్ళి ఆఫీసులో అప్పజెప్పేశాడు. దండలు పట్టుకున్నవాళ్ళు ఇంకో నాయకుడి ఇంటికి మళ్ళారు. పొద్దున మంత్రిగారు ఆటోలో వచ్చి గేటు ముందు దిగారు.

"ఎవరు కావాలండీ?" అన్నాను.

"నేనయ్యా, మంత్రిని!"

"నిన్న సాయంత్రం వార్తలు వినలేదాండీ?"

ఆయన నన్ను చూసిన చూపు, గొప్పవాళ్ళు గేటు కాపలావాణ్ణి చూసే చూపే. డైరెక్టరుగారు లోపల్నుంచి పరుగున వచ్చారు.

"ఆ వార్త తప్పని ఇప్పుడే చెప్పించు!" అన్నారు మంత్రిగారు.

"చెబితే, మొన్నటి ఉద్యోగాల వార్త సంగతేమిటని అడుగుతారు సార్. అక్కణ్ణుంచి మొదలెడితే ఎక్కడ ఆగుతామో..."

"అయితే ఆ చదివిన పిల్లని ఉద్యోగంలోంచి పీకెయ్!"

"ఉద్యోగంలో లేదు సార్."

"ఇచ్చామని చెప్పాంగా?"

"చెప్పాం సార్."

డైరెక్టరుగారికే ముందు వెలిగింది.

"ముందు ఉద్యోగం వేద్దాం సార్. వేసి సస్పెండ్ చేద్దాం. విచారణ కమిటీకి మీరే ఛైర్మన్. కమిటీకి ఛైర్మన్‌గా కూర్చున్నారంటే మీరు పదవిలో ఉన్నట్టేగా?"

మంత్రిగారు ఆయన్ని కౌగిలించుకున్నారు. ఇంత తెలివైన ఆఫీసర్లు ఉండబట్టే పాలన నడుస్తోంది.

అపాయింట్‌మెంట్ ఆర్డరూ సస్పెన్షన్ ఆర్డరూ ఒకే కవర్లో ఇంటికొచ్చాయి. విచారణ తేలేదాకా ఉద్యోగి పనికి రాకూడదు, సగం జీతం మాత్రం నెలనెలా ముట్టాలి. రూలు. నా కూతురు రెండూ తిరగేసి చూసింది.

"విచారణ ఎప్పటికి తేలుతుందట నాన్నా?"

"తేలితే కమిటీ ఉండదు," అన్నాను. "కమిటీ లేకపోతే ఆయన మంత్రి కాడు."

"అంటే పర్మనెంటేనన్నమాట!"

వార్తలు చదవడానికి ఇంకెవరూ లేక, మిగతా వాలంటీర్ల విషయంలో రాకూడదన్న రూలు పక్కన పెట్టారు. వాళ్ళు కూడా చదువుకున్న పిల్లలే. వార్తల కుర్చీలోకి రోజుకొకరు వస్తున్నారు. మంత్రిగారు రోజూ సాయంత్రం నైతిక బాధ్యత వహిస్తున్నారు, పొద్దున్నే ఒక కవరు తయారవుతోంది. నిన్న సాయంత్రం డైరెక్టరుగారు కూడా రాజీనామా చేశారు, కాకపోతే అది చదివింది ఇంకా ఉద్యోగం దొరకని ఆయన సొంత అల్లుడు, అతని కవరు ముందే తయారుగా ఉంది. మంత్రిగారికి కారు మళ్ళీ ఇచ్చారు. అది గేటు ముందు ఆగినప్పుడల్లా, ఇవాళ తియ్యమంటారా అని నేను లోపలికి ఫోన్ చేసి కనుక్కుంటున్నాను.