ఏడో వీధి ట్యాంకు ఎన్ని గంటల్లో నిండును?

"ఏడో వీధి దాహాన్ని మా ప్రభుత్వం శాశ్వతంగా తీర్చేసింది" అని నీటి సరఫరా మంత్రిగారు సభలో ప్రకటించారు. ప్రకటించి, గ్లాసెడు నీళ్లు తాగారు. అంతసేపు మాట్లాడితే ఎవరికైనా గొంతు ఎండుతుంది.

"ఆధారం ఉందా?" అని ప్రతిపక్షం అడిగింది. ఆధారాలు మోసుకు తిరగడం మంత్రుల పని కాదు కదా. మంత్రిగారు తల తిప్పకుండా చెయ్యి మాత్రం వెనక్కి చాచారు. వెనక కూర్చున్న నీటి శాఖ ఆఫీసరు ఫైల్లో పైనున్న కాగితం తీసి ఆ చేతిలో పెట్టాడు. దాని మీద ప్రభుత్వ ముద్ర ఉంది. మంత్రిగారికి అది చాలు. గొంతు సవరించుకుని చదివారు:

"ఏడో వీధిలో ఆరువేల లీటర్ల ట్యాంకు కలదు. పంపు దానిని నాలుగు గంటలలో నింపును."

సభ బల్లలు చరిచింది.

ఇంట్లో టీవీ ముందు కూర్చున్న లెక్కల మాస్టారికి టీ పొలమారింది. ఆ వాక్యాలు ఆయనవే. మోడల్ స్కూలు ప్రవేశ పరీక్షకి పేపర్ సెట్ చేసింది ఆయన. ఆ రోజు భార్య నీళ్ల గురించి తెల్లారిందగ్గర్నుంచీ దండకం చదువుతుంటే విసుగెత్తి, కాగితం మీదైనా తన వీధికి ఒక ట్యాంకు కట్టేశారు. మరీ ఆశపడితే బాగుండదని అడుగున ఒక చిల్లు కూడా పెట్టారు. ఆ చిల్లు నిండు ట్యాంకుని ఆరు గంటల్లో ఖాళీ చేస్తుంది. రెండూ కలిస్తే ట్యాంకు నిండడానికి పన్నెండు గంటలు. ఆఫీసరు గారి పుత్రరత్నం అదే పరీక్ష రాశాడు కాబట్టి ప్రశ్నపత్రం ఆయన ఫైల్లో ఉంది. ఇందులో ఎవరి కుట్రా లేదు.

గురువారం ఏడో వీధికి నీళ్ల లారీ రాలేదు.

"ఏమండీ, ట్యాంకున్న వీధికి లారీ ఎందుకు అన్నాట్ట డ్రైవరు. ఎక్కడుందండీ ట్యాంకు?" అంది మాస్టారి భార్య, ఖాళీ బిందె ఆయన కాళ్ల దగ్గర పెట్టి.

మాస్టారు చెప్పులేసుకుని నీటి శాఖ ఆఫీసుకి వెళ్లారు. ఆఫీసరు లేచి మరీ కుర్చీ చూపించాడు. పెద్దల పట్ల ఆయన మర్యాద అలాంటిది.

"సార్, ఆ ట్యాంకు లేదండీ. అది లెక్క కోసం రాసింది."

"మాస్టారూ, మీరు పెద్దవారు, తొందరపడకండి. విద్యాశాఖ నుంచి వివరాలు తెప్పించాం. పరీక్ష రాసింది నాలుగు వేల రెండు వందల యాభై ఒక్క మంది. పన్నెండు గంటల్లో నిండుతుందని నాలుగు వేల రెండు వందల పన్నెండు మంది రాశారు. నాలుగు గంటలని ముప్పై ఎనిమిది మంది, మావాడితో కలిపి. ఒకరిది లెక్కలోకి రాదు. ఎన్ని గంటల్లో నిండుతుందన్న దగ్గర భేదాభిప్రాయం ఉంది, ఒప్పుకుంటాను. ట్యాంకు ఉందన్న దగ్గర మాత్రం అంతా ఒక్క మాట మీదున్నారు."

"వాళ్లు పిల్లలండీ."

"అందుకే నమ్ముతున్నాం. పెద్దవాళ్లయితే అబద్ధం చెబుతారు."

మాస్టారు ఇంకో దారి పట్టారు. "పోనీ ఉందనే అనుకోండి సార్, దానికి చిల్లుంది కదా" అన్నారు.

ఆఫీసరు మొహం గంభీరంగా మారింది. పెన్ను తీశాడు. "చిల్లా? ఆ ముక్క ముందు చెప్పొద్దూ."

రెండో రోజు పేపర్లలో వార్త వచ్చింది. ఏడో వీధి ట్యాంకు చిల్లుని యుద్ధప్రాతిపదికన పూడ్చేశారు. మంత్రిగారు తాపీ పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్న ఫొటో కూడా వేశారు. ట్యాంకు మరీ పెద్దది కావడంతో ఫొటోలో పట్టలేదని కింద రాశారు.

చిల్లు పోయాక పాత జవాబు ఎలా నిలుస్తుంది? నాలుగు గంటలన్న ముప్పై ఎనిమిది మందీ దూరదృష్టి గలవారని తేలింది. పన్నెండు రాసినవాళ్లు మరమ్మతుకి ముందు కరెక్టు, నాలుగు రాసినవాళ్లు మరమ్మతు తర్వాత కరెక్టు అని, ఇద్దరికీ మార్కులిచ్చి రిజల్ట్సు వదిలారు. ఆఫీసరు గారి పుత్రరత్నానికి సీటొచ్చింది.

ఏడో వీధి నుంచి పరీక్ష రాసింది ఒక్కతే పిల్ల, మాస్టారింటికి రెండిళ్ల అవతలుండే టైలరమ్మ కూతురు. దానికి రెండు మార్కుల్లో సీటు పోయింది. ఒక లెక్కకి రెండు మార్కులు. టైలరమ్మ ఏడవలేదు, ఏడవడానికి తీరిక లేదు. తల్లీకూతుళ్లు బిందెలు పట్టుకుని ఎనిమిదో వీధికి వెళ్తున్నారు. మాస్టారి భార్యా వెళ్తోంది. "మీకు ట్యాంకుంది కదమ్మా, మా ప్రాణాలెందుకు తీస్తారు?" అంటున్నారట ఎనిమిదో వీధివాళ్లు.

భార్య ఆ మాట చెప్పినప్పుడు మాస్టారికి సిగ్గనిపించింది. మళ్లీ ఆఫీసుకి వెళ్లారు.

"సరే మాస్టారూ, మీ మాట కాదనలేను" అన్నాడు ఆఫీసరు. "ట్యాంకు లేదని ఒక్క పిల్లాడు, ఒక్కడంటే ఒక్కడు, రాసిన కాగితం పట్రండి. రేపే లారీ పంపిస్తా."

మాస్టారు జవాబుపత్రాల గదిలో మూడు రోజులు కూర్చున్నారు. దుమ్ముకి తుమ్ములు, కళ్లకి మంటలు. మూడో రోజు మధ్యాహ్నం, అడుగు కట్టలో దొరికింది. పేరు లేదు, నంబరే ఉంది. ట్యాంకు లెక్క కింద గుండ్రటి అక్షరాలతో మూడు ముక్కలు:

"మాది ఏడో వీధే సార్. ట్యాంకు లేదు. గురువారం లారీ వస్తుంది."

అది ఎవరి రాతో చెప్పడానికి నంబరుతో పనిలేదు. ఆయన సంతోషం పట్టలేక ఆ కాగితాన్ని గుండెలకి హత్తుకుని, ఆటో ఎక్కి ఆఫీసుకి వెళ్లి, మా వీధి పిల్ల రాసిందండీ అంటూ ఇచ్చారు.

ఆఫీసరు రెండుసార్లు చదివాడు. "బ్రహ్మాండంగా రాసింది" అన్నాడు. తర్వాత కాగితం ఇటు తిప్పి వేలు పెట్టి చూపించాడు. పక్కన ఎర్ర సిరాతో కోడిగుడ్డంత సున్నా. కింద సంతకం.

"ఈ సంతకం ఎవరిదండీ?"

మాస్టారు చూశారు. స్టెప్పులు లేకుండా రాస్తే దేవుడికైనా సున్నాయే అని ముప్పై ఏళ్లుగా చెప్పుకుంటున్న మనిషి.

"నాదే సార్."

"అంటే ట్యాంకు లేదన్న మాట తప్పని మీరే నిర్ధారించారు."

"దిద్దేస్తానండీ. ఇప్పుడే దిద్దేస్తాను."

"దిద్దండి, దానికేం" అంటూ ఆఫీసరు ఎర్ర పెన్ను తనే ముందుకు జరిపాడు. "ఈ పిల్లది కరెక్టయితే మిగతా నాలుగు వేల రెండు వందల యాభై మందీ తప్పు. రిజల్ట్సు రద్దు. పరీక్ష రద్దు. లేని ట్యాంకు మీద ప్రభుత్వ ముద్రేయించినందుకు పేపర్ సెట్ చేసినాయన సస్పెన్షను. మీకు రిటైర్‌మెంటు ఇంకా ఎంతుంది మాస్టారూ?"

"ఏడు నెలలు."

మాస్టారు పెన్ను తీసుకున్నారు. కాసేపు పట్టుకున్నారు. తర్వాత మూత పెట్టి, టేబుల్ మీదే పెట్టేశారు. ఆఫీసరు లేచి గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. ఆ మర్యాదలో మాత్రం లోటు రానివ్వడు.

వీధి మలుపులో టైలరమ్మ కూతురు ఎదురైంది. నడుం మీద బిందె, గౌనంతా తడి. ఆయన్ని చూసి ఆగింది.

"సార్, పేపర్లు దిద్దింది మీరేనంట కదా. ఆ ట్యాంకు లెక్క నేను కరెక్టే రాశాను సార్. ఎక్కడ తప్పింది?"

మాస్టారు బిందె వైపు చూశారు. సగమే ఉంది.

"స్టెప్పులు వెయ్యలేదమ్మా" అన్నారు.