ఖాళీ డబ్బా తిరిగి పంపరాదు

సోమవారం పొద్దున విల్లియనూరులోని తమ వంటింట్లో జయప్రియ నాలుగు డబ్బాలు వరుసగా పెట్టుకుని, దేవుడికి నైవేద్యం సర్దినంత శ్రద్ధగా నింపింది. ఒకదాంట్లో కొర్రన్నం, ఒకదాంట్లో ముల్లంగి కూర, ఒకదాంట్లో కీరదోస ముక్కలు, సాయంత్రం ఆకలికి చిన్న డబ్బాలో శనగ గుగ్గిళ్లు. ఆమె భర్త పురుషోత్తమన్ ఆ రోజే కొత్త ఉద్యోగంలో చేరుతున్నాడు.

ఇరవయ్యేళ్లు పనిచేసిన బట్టల దుకాణం మూతపడ్డాక అతను ఏడాదిపాటు ఇంట్లోనే కూర్చున్నాడు. నలభై ఆరేళ్లవాణ్ణి ఎవరు తీసుకుంటారు? చివరికి మేట్టుపాళయంలో సీసాల మూతలు తయారుచేసే కంపెనీవాళ్లు స్టోర్ సూపర్‌వైజర్‌గా తీసుకున్నారు గానీ, ఒక మెలిక పెట్టారు. మూడు నెలల తర్వాత రక్తపరీక్ష చేయిస్తారు. అది బాగుంటేనే పర్మినెంటు. పురుషోత్తమన్‌కేమో షుగరు గట్టు మీద ఉందని డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు.

"ఈ మూణ్ణెల్లూ నేను కట్టిచ్చిందే తినాల," అంది జయప్రియ. "ఎవురేం పెట్టినా నోట్లో వేసుకోబాకండి. షుగరు సంగతి ఆఫీసులో అసలు ఎత్తబాకండి."

"ఎత్తితే ఏమవుద్ది?"

"ఏమవుద్దా? మళ్లా ఇంట్లో కూచుని టీవీ చూస్తారు."

ఆ టీవీ పేరెత్తితే చాలు, పురుషోత్తమన్‌కు గుండె జారిపోతుంది. మారు మాట్లాడకుండా డబ్బాల సంచీ బండికి తగిలించుకుని వెళ్లాడు.

ఆఫీసులో అందరూ మాట్లాడేది తమిళమే. మనం తెలుగులో చెప్పుకుందాం. హాజరు, ఉద్యోగుల కాగితాలు చూసే కళైసెల్వి భోజనాల వేళ అతని ముందు జాంగిరి పెట్టింది. "కొత్తగా చేరారు, నోరు తీపి చేసుకోండి అన్నా."

వద్దంటే అమర్యాద. తింటే ఉద్యోగం గోవిందా. పురుషోత్తమన్ బాగా ఆలోచించి, "ఇంటికి తీసుకెళ్లి అందరితో కలిసి తింటానమ్మా," అన్నాడు.

తెలివైన మాట అన్నాననుకున్నాడు పాపం. ఇంటివాళ్లను వదిలి ఒక్క జాంగిరి కూడా ముట్టని మనిషిని చూసి కళైసెల్వికి కళ్లు చెమర్చాయి. మర్నాడు ఇంటిల్లిపాదికీ సరిపడా జాంగిరీలు ఒక పెద్ద స్టీలు డబ్బాలో తెచ్చి అతని చేతిలో పెట్టింది.

ఆ డబ్బా విల్లియనూరు చేరడంతోనే కథ పురుషోత్తమన్ తల్లి అమ్మాయమ్మ చేతుల్లోకి వెళ్లిపోయింది. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపడం ఆ ఇంట్లో ఏ తరంలోనూ జరగలేదు. తన తరంలో జరగనిస్తుందా?

"దీంట్లో గుగ్గిళ్లు పోసి పంపిస్తాను అత్తా. ఆరోగ్యం కూడా," అంది జయప్రియ.

"జాంగిరి పంపినోళ్లకి గుగ్గిళ్లా? వాళ్లేమన్నా గుర్రాలా? పక్కకి జరుగు," అని అమ్మాయమ్మ బాణలి పొయ్యి మీద పెట్టింది. నేతిలో అరిసెలు వేసి, డబ్బా మూత పట్టనంతగా కుక్కింది.

అరిసెలు తీసుకున్నాక కళైసెల్వి ఊరుకోలేదు. ఆమెకూ ఒక అత్తగారుంది. డబ్బా మైసూరుపాకుతో తిరిగొచ్చింది. అరిసెలు రుచి చూసిన గోడౌన్ వీరాసామి మా ఇంటివాళ్లేమన్నా తక్కువా అని సున్నుండలు పంపాడు. మేనేజరు రంగరాజన్ పెద్దమనిషి, ఆయన ఇంటి నుంచి బాదం హల్వా వచ్చింది. ఎవరు ఏం పెట్టినా పురుషోత్తమన్ ఇంటికి తీసుకెళ్తాననేవాడు. ఇల్లంటే ఎంత ప్రేమో అని వాళ్లు మరింత పంపేవారు. నెల తిరిగేసరికి అతని బండికి ముందొక సంచి, వెనకొక సంచి, భుజానికొకటి వేలాడాయి. పాత్రల వ్యాపారం పెట్టావా అని దారిలో ఎవరో అడిగారు కూడా.

ఇన్ని సంచుల మధ్య అతను తినేది మాత్రం కొర్రన్నమే. పక్కన హల్వా ఘుమఘుమలాడుతుంటే కీరదోస ముక్క నమలడం ఎంత నరకమో నమిలినవాడికే తెలుస్తుంది. ఒకసారి స్టోర్ రూములో తలుపేసుకుని డబ్బా మూత తీసి, వాసన మాత్రం చూసి, మళ్లీ మూసేశాడు.

"ఇంట్లో ఇంత పోగవుతోంది, ఏం చేస్తున్నారే?" అని అతను అడిగితే జయప్రియ, "పక్కింటి మీనా పిల్లలు తింటారులేండి," అనేది. పారేస్తే పాపం కదా అని అమ్మాయమ్మ వంత పాడేది.

మూడో నెలకి అమ్మాయమ్మ మోకాళ్లు మొరాయించాయి. మర్యాద మాత్రం మొరాయించలేదు. కొత్తగా చేసే ఓపిక లేక ఒకరింటి నుంచి వచ్చినది మరొకరింటికి సర్దడం మొదలుపెట్టింది. అలా కళైసెల్వి మైసూరుపాకు వీరాసామి డబ్బాలోకి వెళ్లింది. వీరాసామి భార్యకు కూడా ఆ వారం తీరిక లేదు, అది రంగరాజన్ ఇంటికి చేరింది. రంగరాజన్ దాన్ని ఎంతో ఆప్యాయంగా కళైసెల్వి బల్ల మీద పెట్టాడు.

ప్రతి ముక్క మీదా తన చేత్తో అద్దిన పిస్తాను కళైసెల్వి గుర్తుపట్టింది. మేనేజరుని అడిగి, వీరాసామిని అడిగి, నేరుగా స్టోర్ రూముకి వచ్చింది.

"నా వంట అంత అధ్వానంగా ఉందా అన్నా? మూడు నెలలుగా మీ ఇంటికి పంపినదాంట్లో మీరు ఒక్క ముక్కయినా తిన్నారా?"

పురుషోత్తమన్ మూతల లెక్కపుస్తకంలో తల దూర్చాడు. అతని పర్మినెంటు కాగితం కదలాల్సింది ఆమె బల్ల మీది నుంచే. రక్తపరీక్ష మర్నాడే.

మర్నాడు పరీక్షలవాళ్లు వ్యాన్‌లో కంపెనీకే వచ్చారు. ఉద్యోగుల ఇంటివాళ్లకు కూడా చేస్తామన్నారు కాబట్టి జయప్రియ కూడా వచ్చింది. నిజానికి ఆమె వచ్చింది భర్త దారిలో కాఫీ తాగకుండా కాపలా కాయడానికి. అందరూ రక్తమిచ్చి బెంచీల మీద కూర్చున్నాక కళైసెల్వి అందరి మధ్యలో మైసూరుపాకు డబ్బా మూత తీసింది.

"పరీక్ష అయిపోయింది కదా. ఇప్పుడు నా ముందర ఒక్క ముక్క తినండి అన్నా. నేనిక ఏమీ అడగను."

పురుషోత్తమన్ మైసూరుపాకు చేతిలోకి తీసుకున్నాడు. టిఫిన్ తిన్నాక ఇంకోసారి రక్తం తీయాలని పరీక్షలవాళ్లు అంతకుముందే చెప్పి ఉన్నారు. మేనేజరు చూస్తున్నాడు. జయప్రియ కళ్లు మూసుకుంది.

"నేను తినలేనమ్మా," అన్నాడు చివరికి. "నాకు షుగరొచ్చేట్టుందని డాక్టరు చెప్పాడు. తెలిస్తే ఉద్యోగం ఇవ్వరని దాచాను. మీ చేతి వంట బాగుండక కాదు. మూడు నెలలుగా దాని వాసన చూసి ఏడ్చినంత పని చేశాను."

మొదట రంగరాజన్ గొంతు సవరించుకున్నాడు.

"నాకు ఎప్పటినుంచో ఉందయ్యా. వచ్చిన డబ్బా వచ్చినట్టే ఇంకొకరికి ఇచ్చేస్తున్నా."

"మా ఇంట్లో మొగుడూ పెళ్లాలిద్దరికీ ఉంది సార్," అన్నాడు వీరాసామి. "మేమూ అంతే."

కళైసెల్వి ఒక్కొక్కరి మొహం చూసింది. "నాకు కూడా ఉందిలే. అందుకే మీ ఇంటి అరిసెలు అందరికీ పంచేశా," అని ఒప్పుకుని, అంతలో గట్టిగా అడిగింది. "అయితే ఇన్నాళ్లూ ఇదంతా తిన్నదెవరు?"

ఎవరికీ తెలియలేదు. జయప్రియ చీర కొంగుని శ్రద్ధగా మడతపెట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం ఫలితాలు వచ్చాయి. పురుషోత్తమన్ షుగరు గట్టు దిగి కిందికి వచ్చేసింది. కంపెనీలో ఇంత మంచి రిపోర్టు ఇంకెవరికీ లేదని రంగరాజన్ అక్కడికక్కడే సంతకం పెట్టాడు. కళైసెల్వి కోపమంతా మరిచి కాగితాన్ని తనే ముద్రవేసి తెచ్చిచ్చింది. పురుషోత్తమన్ దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఏడాదిగా అణిచిపెట్టుకున్న దుఃఖం ఒక్కసారి పైకొచ్చింది.

పరీక్షలమ్మాయి ఇంకో కాగితం పట్టుకుని, "ఇక్కడ జయప్రియ ఎవరు? డాక్టరు వెంటనే రమ్మంటున్నారు," అంది.

ఆ కాగితం మీది షుగరు అంకె చూసి పురుషోత్తమన్ కుర్చీలో కూలబడ్డాడు.

"మీనా పిల్లలన్నావు కదే!"

"వాళ్లు రెండు రోజులు తిని మొహం మొత్తిందన్నారండీ. పారేస్తే పాపమంటది అత్త. మీ కళ్లబడితే మీరు తింటారని భయం. మీ ఉద్యోగం పోతాదని..." జయప్రియ కొంగు మడత మళ్లీ విప్పింది. "నేనేం చేసేది, యాడ పెట్టేది? తినేశాను."

పురుషోత్తమన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తిట్టబోయి, డాక్టరు దగ్గరికి నడిపించుకెళ్లాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే లేచి జయప్రియ కోసం కొర్రన్నం, ముల్లంగి కూర, కీరదోస ముక్కలు డబ్బాల్లో సర్దే పని పురుషోత్తమన్‌ది. ఆమెకు ఉద్యోగం లేదు కాబట్టి ఆ డబ్బాలు వంటింట్లోంచి హాల్లోకి మాత్రమే వెళ్తాయి.