అచ్చయ్య ఖాళీ చేసిన ఇల్లు

రోజూ తెల్లారకముందే దీపం పెట్టే తనను వదిలి, పండుగకు తప్ప గుడి మెట్లెక్కని బుచ్చయ్యకే దేవుడు అన్నీ ఎందుకిస్తాడన్న అనుమానం పెన్‌పహాడ్ ఊరి అచ్చయ్యను ఏళ్లుగా తొలుస్తోంది. పక్కింటి బుచ్చయ్యకు సర్కారు ఇల్లు మంజూరయ్యాక అది కడుపుమంటగా మారింది. సూర్యాపేట దారిలో ప్లాట్ల ధరలు మండిపోతుంటే, అతనికి ఉన్న జాగాలోనే సర్కారు సొమ్ముతో ఇల్లు! బుచ్చయ్య అప్పుడే పాత పెంకుటింటిని కూల్చి టార్పాలిన్ కింద కాపురముంటున్నాడు.

మంజూరైన ఇళ్లనూ, కొత్తగా అడిగేవాళ్లనూ చూడటానికి ఆ ఉదయం సర్వే మేడం శోభారాణి వస్తుందని తెలిసింది.

"మన స్లాబు ఇల్లు సూస్తే మనకియ్యరు. ఆమె పోయేదాక గొర్ల కొట్టంల ఉందాం," అన్నాడు అచ్చయ్య భార్యతో.

"దేవుని పటాలు గూడ కొట్టంలకేనా?" అంది యాదమ్మ.

"ఆయన ఈడ్నే ఉంటడు. ఆయనను సర్వేల రాయరు."

మంచాలు, గిన్నెలు కొట్టానికి చేరాయి. చూసిన వీధి తన తీరున అర్థం చేసుకుంది. కాసేపటికి బుచ్చయ్య భార్య గోపమ్మ కళ్లొత్తుకుంటూ వచ్చింది.

"అన్నా, మా కోసం ఇల్లు ఇడిసిపెడ్తివా! తోడవుట్టినోళ్లు గూడ ఇంత చెయ్యరు."

కాదంటే అసలు సంగతి చెప్పాలి. అచ్చయ్య తల ఊపాడు. చూస్తుండగానే బుచ్చయ్య మూటలు, కోళ్ల గంప స్లాబు ఇంట్లోకి చేరాయి.

వెనకే వచ్చిన శోభారాణి, గడపలో కూర్చున్న బుచ్చయ్యను చూసి కళ్లెర్రజేసింది.

"స్లాబు ఇల్లు పెట్టుకొని ఇంకోటి అడిగినవా? సర్కారు ఇచ్చేది తల మీద కప్పు లేనోళ్లకు. నీది క్యాన్సల్!"

బుచ్చయ్య ముఖంలో నెత్తురుచుక్క లేదు. అచ్చయ్య గుండె గంతులేసింది. నోరు మూసుకుంటే చాలు, ఇన్నేళ్ల మంట చల్లారుతుంది. అంతలో లోపల్నుంచి గోపమ్మ గొంతు వినిపించింది. అచ్చయ్య పటాల ముందు దీపం పెట్టి, "మా అచ్చయ్యన్నను సల్లగ సూడు సామీ," అని మొక్కుతోంది.

"ఇల్లు నాది మేడం," అన్నాడు అచ్చయ్య కొట్టంలోంచి బయటికొచ్చి.

"మరి కొట్టంల ఎందుకున్నవ్?"

అచ్చయ్య కంటే ముందు బుచ్చయ్యే అందుకున్నాడు. "నా ఇల్లు లేచేదాక ఉండుమని మాకిచ్చిండు మేడం. దేవుడసుంటోడు!"

శోభారాణి చేతులు జోడించింది. అచ్చయ్యను గొర్రెలతో కలిపి ఫోటో తీసింది. "బుచ్చయ్యకు ఇల్లు ఖాయం. స్లాబు పడేదాక మీరే జర ఓపిక పట్టండి పెద్దాయనా!"

మర్నాడు పొద్దున్నే అచ్చయ్య, ఎప్పుడో గుంజ పాతడానికి అడిగి తెచ్చిన గడ్డపారను భుజాన వేసుకుని బుచ్చయ్య ముందు నిలబడ్డాడు.

"నీదే. తీస్కో. పునాది ఇయ్యాల్నే మొదలువెట్టు."

ఏళ్ల తరబడి గుర్తురాని ఆ గడ్డపార గుర్తుకు రావడానికి, గొర్రెల మధ్య ఒక్క రాత్రి నిద్ర చాలింది.