రఘుపతి గారి జిమ్మ

‘ప్రజానాయకుడు రఘుపతి గారు చనిపోయిన పెద్దులు ఎస్టేటుకు వీలునామా అమలు చేసే ఎగ్జిక్యూటర్‌గా బాధ్యతలు స్వీకరించారు’ అని దేవరకొండ నుంచి పత్రికకు ప్రకటన వెళ్లింది. అచ్చులో ‘ఎగ్జిక్యూటివ్’ అని పడింది. అభినందనలు వెల్లువెత్తాయి. రఘుపతి గారు ఖండించలేదు. పత్రికా స్వేచ్ఛ అంటే ఆయనకంత గౌరవం.

ఎస్టేటు అంటే జత ఎద్దులు, ఒక బావి, నాలుగెకరాల మెట్ట చెల్క. వారసురాలు పెద్దులు కోడలు అండాలు ఒక్కతే. ఆమె మొగుడు అంతకుముందే పోయాడు. కచేరీ ముందు కూర్చుని కాగితాలు రాసేవాణ్ణి గనక వీలునామా నేనే రాశాను. మా కాగితాల భాషలో జిమ్మ అంటే బాధ్యత. ఒకటే వాక్యం: ‘నా జిమ్మలో ఉన్న మనుషులు, గొడ్లు, భూమి అంతా రఘుపతి తన జిమ్మలో పెట్టుకొని నా కోడలు అండాలుకు అప్పజెప్పవలెను.’

రఘుపతి గారు క్షణం వృథా చేయలేదు. ఊరకే ఉంటే ఎద్దుల కాళ్లు పట్టేస్తాయని తన పొలం దున్నించారు. బావి నీళ్లు మురిగిపోతాయని తన తోటకు పారించారు. చెల్క ఒంటరిగా ఉందని గెట్టు చెరిపి తన చెల్కలో కలిపారు.

మిరుగు కార్తె దగ్గరపడింది. అండాలు వచ్చింది.

“పటేలా, వాన పడితె ఇత్తనం ఎయ్యాలె. ఈ కారు పంట పోతె నేను పస్తే. ఎడ్లనన్న ఇయ్యి.”

“అప్పజెప్పుమని ఉన్నది బిడ్డా. ఎప్పుడని ఉన్నదా?”

“లేదు.”

“మరి? చట్టాన్ని నేనెట్ల మీరుత? జర ఓపిక పట్టు.”

అండాలు నేరుగా నా దగ్గరికి వచ్చి వీలునామా చదివించుకుంది. మొదట్లోనే ఆపింది.

“మనుషులంటె ఎవలు?”

“ఎవలు లేరు. అది రివాజు మాట. అందరికి రాస్త.”

“రాసినంక ఉన్నట్టే గద,” అంది.

వారం తర్వాత రఘుపతి గారికి సన్మానం. దండలు మెడలో ఉండగానే ప్రకటించారు: “పెద్దులు జిమ్మ మొత్తం నా జిమ్మ. ఒక్కటి గూడ ఇడిచిపెట్ట.”

చప్పట్లు మోగాయి. అండాలు ఒక ముసలమ్మను వేదిక ఎక్కించింది.

“మా మామ సాకిన నర్సింగమ్మ అవ్వ, పటేలా. నీ జిమ్మకు ఈమెనే మిగిలింది.”

ఫోటోగ్రాఫర్ సిద్ధంగా ఉన్నాడు. రఘుపతి గారు వంగి కాళ్లకు మొక్కారు.

నర్సింగమ్మ ఆయన ఆఫీసు కుర్చీలో స్థిరపడింది. తహసీల్దారు ఎదుటే, “పోరగా, గట్క సల్లారింది. నెయ్యేది?” అని అడిగింది. ఆమె కాళ్లు పిసకడానికి పార్టీ కార్యదర్శి లింగస్వామిని నియమించారు. నాలుగో రోజు నాకు కబురు వచ్చింది.

“ముసల్దాన్ని అండాలుకు అప్పజెప్పినట్టు కాయితం రాయి.”

“రాస్త పటేలా. కని మనుషులు, గొడ్లు, భూమి ఒక్క వాక్యంల ఉన్నయి. తెంపితె చెల్లది.”

లోపలి నుంచి, “పోరగా” అని వినిపించింది. రఘుపతి గారు మొత్తం అప్పగింత కాగితం మీద సంతకం పెట్టేశారు.

‘రికార్డు సమయంలో ఎస్టేటు అప్పగింత’ అని పత్రిక రాసింది. ఈసారి అచ్చుతప్పు లేదు.

మర్నాడు వాన పడింది. అండాలు ఎద్దులు అండాలు చెల్కలోకి దిగాయి. నేను నర్సింగమ్మను మక్తల్ బస్సెక్కించాను. అక్కడ మా నాయిన ఎదురుచూస్తున్నాడు, తన తల్లి ఇంటి నుంచి పోయి వారమైందని.

కిటికీలోంచి మా అవ్వ తల బయట పెట్టింది.

“ఇంకెవలన్న వీలునామ రాయిస్తున్నరా బిడ్డా?”