గడప దాటిన మూట

ఆరేళ్ల సర్వీసులో తన చేతి కింద ఒక్క సాక్సు కూడా తప్పిపోలేదని ఆ పొద్దున యమున ప్రిన్సిపల్ అర్చన మేడంకు ఫోన్లో గొప్పగా చెప్పింది. ఆ మాటకు ఆయుష్షు వనపర్తి దాకానే ఉందని అప్పటికి ఆమెకు తెలియదు.

యమున గద్వాలలో ఒక ప్రైవేటు మహిళా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్. అంటే బంతులకు గాలి కొట్టడం, సీసాల్లో నీళ్లు నింపడం, ఓడిన పిల్లల్ని ఊరుకోబెట్టడం, గెలిచినప్పుడు పక్కకు జరగడం. పోయినేడు కప్పు గెలిస్తే పేపర్లో ఫొటో పడింది. అందులో కోచ్ రాఘవేందర్ సార్ నిండుగా ఉన్నాడు. యమునది మోచేయి ఉంది, చాలా స్పష్టంగా. ఆమె నాయిన రాములు ఆ మోచేతిని కత్తిరించి మగ్గం పక్కన గోడకు అతికించాడు.

ఇప్పుడు సార్ రిటైర్ అవుతున్నాడు. మోకాలి నొప్పితో వనపర్తిలో జరిగే ఫైనల్‌కు కూడా రానన్నాడు. ఈ ఒక్క రోజు జట్టును సక్కగా నడిపిస్తే కోచ్ కుర్చీ యమునదే, లేకుంటే హైదరాబాదు నుంచి ఎవరినైనా తెచ్చుకుంటామని మేడం తేల్చేసింది.

యమున ఉతికిన జెర్సీలను తెల్లగుడ్డలో మూట కట్టి అరుగు మీద పెట్టింది. నేతోళ్ల ఇల్లు, బయటికి పోయేది ఏదైనా తెల్లగుడ్డలోనే పోతుంది. సేటుకు అప్పజెప్పాల్సిన చీరలను రాములు కూడా అట్లాగే కట్టి దాని పక్కనే పెట్టాడు. ఆ ఇంట్లో ఇంకో పట్టింపు ఉంది. గడప దాటిన మూటను చేరాల్సిన చోటు చేరేదాకా విప్పకూడదు. విప్పితే లక్ష్మి దారిలోనే దిగిపోతుంది.

అందుకే బస్సు పెబ్బేరు దాటాక కెప్టెన్ లహరి, "మేడం, ఒకసారి ఇప్పి చూస్కుందామా?" అంటే యమున ఒప్పుకోలేదు.

"నడుమ ఇప్పొద్దే. నేను గట్టిన మూట నాకు తెల్వదా?"

వనపర్తిలో బట్టలు మార్చుకునే గదిలో మూట విప్పితే జానెడు జరీ అంచుల గద్వాల చీరలు తళతళలాడాయి.

"గోచి వెట్టుకొని ఆడాల్నా మేడం?" అంది లహరి.

అప్పుడే అర్చన మేడం లోపలికి వచ్చింది. యమున నోరు ఆమెను అడక్కుండానే పనిచేసింది. చీరలు అతిథులను సన్మానించడానికి తెచ్చామని చెప్పింది. ఇంత ముందుచూపు రాఘవేందర్ సార్‌కు ఏనాడూ లేదని మేడం మురిసిపోయి, పైనున్న చీర తీసుకెళ్లి ముఖ్య అతిథి పుష్పమ్మ గారి భుజాల మీద కప్పేసింది. అంతలో రాములు ఫోన్.

"బిడ్డా, సేటు మూట ఇప్పిండు. ఏడో నంబరు బనియన్ వట్కొని జరీ యాడుందని అడుగుతుండు. ఏం జెప్పాలె?"

"జర ఆగుమను నాయినా."

ఆట మాత్రం ఆగేలా లేదు. పొద్దున మూడో స్థానం కోసం ఆడి ఓడిన నాగర్‌కర్నూల్ జట్టు ఇంకా అక్కడే ఉంది. వాళ్ల కోచ్ శ్రవణ్ కుమార్ చెమట ఆరని జెర్సీలనే అరువిచ్చాడు. వాటి మీద ఊరి పేరేందని మేడం అడిగితే, స్నేహభావం అని యమున రెండో అబద్ధం ఆడింది. మేడం ఇంకా మురిసిపోయింది.

పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. స్కోరు రాసే ఆయన ఛాతీల మీద ఏముందో అదే రాసుకుంటూ పోయాడు. చివరికి మైకులో నాగర్‌కర్నూల్ గెలిచిందన్నారు. పొద్దున ఓడిన శ్రవణ్ కుమార్ ఏమాత్రం మొహమాటం లేకుండా లేచి కప్పు కోసం నడిచాడు.

గద్వాల పిల్లలు గోల చేయడంతో, ఆడింది ఎవరని నిర్వాహకులు నిలదీశారు. అందరూ యమున వైపు చూశారు. మూడో అబద్ధం నాలుక చివరికి వచ్చింది. లహరి ఇంకా రొప్పుతూనే ఉంది. గెలిచి కూడా ఫొటోలో లేకపోవడం ఎట్లుంటుందో ఆ మైదానంలో ఒక్క యమునకే తెలుసు. ఆమె మైకు అందుకుంది.

"ఆడింది గద్వాల పిల్లలు. బనియన్లు నాగర్‌కర్నూల్‌వి. చీరలు మా నాయినవి. సన్మానం లేదు, స్నేహభావం లేదు. మూట నేను మార్చిన. తప్పు నాది."

పుష్పమ్మ గారు భుజం మీది చీర తీసి, మడత నలగకుండా మూట మీద పెట్టారు. నిర్వాహకులు స్కోరు కాగితం మీద ఊరి పేరు దిద్దారు, కప్పు లహరి చేతికి వచ్చింది.

తిరుగు బస్సులో మేడం చాలాసేపు కిటికీలోంచి బయటికే చూసింది. యమున మూటను ఒళ్లో పెట్టుకుని, హైదరాబాదు నుంచి వచ్చే కోచ్‌కు బంతుల గది తాళం ఎట్లా అప్పజెప్పాలా అని ఆలోచిస్తోంది.

"ఇంకో అబద్ధం జెప్పుంటే నిన్ను తీసేసేదాన్ని," అంది మేడం చివరికి. "వచ్చే యేడు కోచ్‌వి నువ్వే. మూట మాత్రం ఇంకెవరన్న మోస్తరు."

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. యమున నిండుగా, నడిమధ్యలో ఉంది. ఆమె చుట్టూ ఉన్న అమ్మాయిల ఛాతీల మీద నాగర్‌కర్నూల్ అని ఉంది, చాలా స్పష్టంగా.